కుక్క అనగా

మా కార్యాలయం పుట్టడానికి కారణం ఒక కుందేలు.

ఆ కుందేలును నేను కళ్లారా చూడలేదు. అందరిలాగే సెల్‌ఫోన్‌లో చూశాను. పట్నంలో నిశాచర క్రీడా సంఘం అని ఒకటుంది. దాని సభ్యులు పగలంతా గౌరవనీయులు. శనివారం పొద్దు గుంకగానే జీపులకు పెద్ద పెద్ద లైట్లు బిగించుకుని, సన్న నడుముల వేటకుక్కల్ని ఎక్కించుకుని, మా ఎర్రబోడు కొండల కిందికి వచ్చి కుందేళ్లనూ అడవిపందులనూ తరుముతారు. వాళ్లలో ఒకాయన తన కుక్క ప్రతాపాన్ని వీడియో తీసి లోకానికి చూపించాడు. లోకం కుక్కను చూడలేదు, కుందేలు కళ్లను చూసింది. వారం రోజులు ఎక్కడ చూసినా ఆ కళ్లే. కూడళ్లలో కొవ్వొత్తులు వెలిగించారు. ఒక కళాశాలలో విద్యార్థులు కుందేలు చెవులు పెట్టుకుని నిరాహారదీక్షకు కూర్చున్నారు, క్యారెట్లు మాత్రం మినహాయించి.

ప్రభుత్వం కదిలింది. రాత్రివేళ కుక్కలతో వేట నియంత్రణ ప్రత్యేక కార్యాలయం మా డివిజన్ కేంద్రంలో వెలిసింది. ప్రత్యేకాధికారి పరాంకుశం గారు, సీనియర్ అసిస్టెంటును నేను, క్షేత్ర సిబ్బంది గార్డు మద్దిలేటి. క్షేత్రం ముప్పై గ్రామాలు, సిబ్బంది ఒక్కడు.

పరాంకుశం గారు అంతకుముందు తూనికలు కొలతల శాఖలో ఉండేవారు. ఆయనకు కుక్కంటే భయం, నిబంధన అంటే ప్రాణం. మూడు వారాల్లో నలభై రెండు నిబంధనల ముసాయిదా చెప్పి రాయించారు. టైపు చేసింది నేను. అందులో ముఖ్యమైనది ఒక్కటే. కొండను ఆనుకుని ఉన్న ఊళ్లలో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు అనుమతి లేని ప్రతి కుక్కనూ గొలుసుతో కట్టేసి ఉంచాలి.

ముసాయిదాను ఖాయం చేసేముందు క్షేత్ర పరిశీలన జరగాలి. రాత్రి వేట సంగతి కాబట్టి పరిశీలన రాత్రే జరగాలి. కాని మా కార్యాలయం వేళలు పది నుంచి ఐదు. పరాంకుశం గారు ఒక పూటంతా ఆలోచించి, "రాసుకోండి" అన్నారు.

"పరిశీలన నిమిత్తము మధ్యాహ్నము రెండు గంటలను రాత్రి రెండు గంటలుగా పరిగణించవలెను."

అలా ఒక భాద్రపద మాసపు నడిరాత్రి, మాడు పగిలే ఎండలో, మేం ముగ్గురం ఎర్రబోడుపల్లె వెళ్లాం. ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. నేను టార్చిలైటు పట్టుకున్నాను.

కొండ కింద చివరి చేను ఓబులమ్మది. రెండున్నర ఎకరాల వేరుశనగ. ఊడలు దిగి కాయ గట్టిపడుతున్న అదను. ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్త లింగమయ్యకు రేచీకటి, దీపాలు పెట్టే వేళ దాటితే ఇంటి గడప కూడా కనపడదు. అందుకని రాత్రి కాపలా ఎప్పుడూ ఆమెదే. తోడు రెండు ఊరకుక్కలు, బూడిదోడు, సుక్కి. మేం వెళ్లేసరికి రెండూ కంది సాలు నీడలో కాళ్లు చాపుకుని పడుకున్నాయి.

"ఇవేనా వేటకుక్కలు?" అన్నారు పరాంకుశం గారు, పది అడుగుల దూరం నుంచి.

"వేట యాడ జేస్తాయి సామీ! పందులొస్తే మొరిగి కొండకు తోలొస్తాయి" అంది ఓబులమ్మ.

"ఇప్పుడు తోలించు. చూస్తాం."

"ఇప్పుడు పందులు యాడుంటాయి? పట్టపగలు గదా."

ఆయన గడియారం చూసుకున్నారు. "పగలు కాదు. రాత్రి రెండూ పది."

ఓబులమ్మ ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది, వెలుగుతున్న నా టార్చిలైటు చూసింది. గట్టున కూర్చున్న లింగమయ్య మాత్రం ఊరుకోలేదు.

"రాత్రి కాదు సామీ. నాకు బాగ కనపడతాండాది. రాత్రయితే నాకు కనపడదు."

"సాక్షికి దృష్టిలోపము కలదని నమోదు చేయండి" అన్నారు పరాంకుశం గారు.

నమోదు చేశాను. నివేదికలో మిగతాది ఇలా సాగింది: రాత్రి రెండు గంటల సమయమున తనిఖీ చేయగా చేనిలో పందులు లేవు, కుక్కలు గాఢనిద్రలో ఉన్నవి. కావున పందుల బెడద లేదనియు, ఉన్ననూ కుక్కల వలన ప్రయోజనము లేదనియు, వాటిని కట్టివేసినచో రైతులకు ఎట్టి నష్టమూ వాటిల్లదనియు తేలినది.

నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

అనుమతుల కౌంటరు తెరిచిన మొదటిరోజే నిశాచర క్రీడా సంఘం కార్యదర్శి వచ్చాడు. వెంట ఎనిమిది కుక్కలు లేవు గాని ఎనిమిది ఫైళ్లున్నాయి. ఒక్కో కుక్కకూ నాలుగు తరాల వంశవృక్షం, రెండు వైపుల నుంచీ తీసిన ఫొటోలు, స్వభావ ధ్రువపత్రం, టీకాల పట్టిక. పరాంకుశం గారు ఒక్కో కాగితం తిప్పుతూ పరవశించిపోయారు.

"చూశారా, దీని ముత్తాత పేరు కూడా ఉంది! నాకు మా ముత్తాత పేరు తెలియదయ్యా" అన్నారు నాతో.

భోజనాల వేళకు ఎనిమిది అనుమతులూ అయిపోయాయి. ఏ వేటను ఆపడానికి మా కార్యాలయం పుట్టిందో ఆ వేటకు మొట్టమొదటి అనుమతి మా కార్యాలయమే ఇచ్చింది. తప్పేమీ లేదు, పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

మర్నాడు ఓబులమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఫారం నేనే నింపుతూ కూర్చున్నాను. ఏడో గడి దగ్గర ఆగాను.

"కుక్క తండ్రి పేరు?"

ఆమె కొంగుతో నోరు కప్పుకుంది. "దాని తల్లినడగాల నాయనా. అది సచ్చిపోయె."

"ఏదో ఒకటి చెప్పమ్మా, రాస్తాను."

లోపలి నుంచి పరాంకుశం గారి గొంతు వినిపించింది. "ఊహాజనిత సమాచారము అనుమతింపబడదు!"

"సామీ, ఈ నెల దినాలే. కాయ పీకేసినంక ఆ కుక్కల్ని మీరే కట్టేసుకోండి, మీరే ఇప్పుకోండి. ఇప్పుడు కట్టేస్తే ఒక్క రాత్రిలో దున్నిపోతాయి పందులు" అంది ఆమె, గుమ్మం దగ్గరికి పోయి.

"పందుల వల్ల బెడద లేదని తనిఖీలో తేలిందమ్మా."

"ఎప్పుడు తేలింది?"

"రాత్రి రెండింటికి."

ఓబులమ్మ ఫారం మడిచి రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మద్దిలేటి ఊరూరా తిరిగి గొలుసులు వేయించాడు. గొలుసు గొలుసుకూ లక్కతో ముద్ర కొట్టాడు. అతనిదీ ఎర్రబోడుపల్లే. తన సొంత కుక్కకు ముద్ర వేస్తున్నప్పుడు అది చెయ్యి నాకిందట. ఆ ముక్క నాతో చెబుతూ అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

రెండు రాత్రుల్లో ఓబులమ్మ చేనులో అర ఎకరం పోయింది. పందులు తింటే కొంత మిగులుతుంది గాని ముట్టెలతో పెళ్లగిస్తే ఏమీ మిగలదు. డబ్బాలు వాయించారు. ఎర్రబోడు పందులు డబ్బాలకు ఎప్పుడో అలవాటుపడ్డాయి. మంట వేశారు. ఆ వెలుతురులో ఇంకా సుఖంగా తిన్నాయి. పదిహేనడుగుల దూరంలో బూడిదోడు, సుక్కి గొలుసులు తెంచుకోబోతూ గొంతులు పోయేదాకా అరిచాయి. కట్టేసిన కుక్క అరుపు కదలదని పందులకు ఒక్క రాత్రిలోనే తెలిసిపోయింది.

మూడో రాత్రి ఏం జరిగిందో మద్దిలేటి చెప్పాడు. ఓబులమ్మ మంచె దిగింది. చీర కుచ్చెళ్లు ఎగదోపింది. చేనికడ్డంగా పరుగెత్తుతూ మొరగడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా చెవిన పడుతున్న అరుపు కాబట్టి ఎక్కడ గుర్రుమనాలో, ఎక్కడ తెగించి మీదికి పోవాలో అంతా ఆమెకు కొట్టినపిండే. ఒక మూల బూడిదోడి గొంతు, ఇంకో మూల సుక్కి గొంతు. పందులు తలలెత్తి, తోకలు నిక్కించి, కొండకు పరుగు తీశాయి. నాలుగో రాత్రి పక్కచేను వాళ్లు మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఎర్రబోడుపల్లెలో ముప్పై ఏడు మంది వంతులవారీగా మొరుగుతున్నారు. పంతులుగారు ఒకాయన శ్రుతి కూడా సరిచేశాడట.

నాకు ఆ మాట వినగానే నవ్వొచ్చింది. పరాంకుశం గారికి నవ్వు రాలేదు. అప్పటికే ఆయన బల్లమీద సంఘం కార్యదర్శి ఫిర్యాదు ఉంది. ఎర్రబోడు కొండల కింద రాత్రంతా ఎవరో మొరుగుతున్నందువల్ల అనుమతి పొందిన తమ కుక్కలు దిక్కుతెలియక జీపు చుట్టూనే తిరుగుతున్నాయని, చట్టబద్ధమైన క్రీడకు ఇది ఆటంకమని అందులో ఉంది.

"కుక్కలన్నీ కట్టేసే ఉన్నాయి సార్. ముద్రలు చెక్కుచెదరలేదు" అన్నాడు మద్దిలేటి.

"మరి మొరుగుతున్నది ఎవరు?"

"మనుషులు సార్."

"మనుషులు మొరగరాదని మన నిబంధనల్లో ఉందా?" అన్నారు నావైపు తిరిగి.

"లేదండీ. కుక్క అనే మాటకు మనం నిర్వచనమే ఇవ్వలేదు."

ఆయన ముఖం వెలిగింది. "ఇవ్వండి."

నేను కూర్చున్నాను. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ వాక్యం రాయమని ఆయన అన్నారు గాని, ఎలా రాయాలో చెప్పలేదు. నలుగురూ మెచ్చుకునేలా రాయాలన్న సరదా నాదే. మూడుసార్లు కొట్టేసి, నాలుగోసారి ఇలా రాశాను:

"కుక్క అనగా, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు గల కాలములో మొరుగు ఏదేని ప్రాణి."

పరాంకుశం గారు రెండుసార్లు చదివి నా భుజం తట్టారు. "శాసనభాష మీకు పట్టుబడిందయ్యా!" ఆ పూట ఇంటికి పోతూ ఆ వాక్యాన్ని దారిపొడవునా లోలోపల అనుకుంటూ పోయాను.

మర్నాడు మద్దిలేటి ముప్పై ఏడు నోటీసులూ, ముప్పై ఏడు మెడపట్టీలూ, మెడలు కొలిచే టేపూ పట్టుకుని ఊరికి పోయాడు. యజమాని పేరు రాసుకోవడం కూడా అతని విధుల్లో ఉంది. ఓబులమ్మ ఇంట్లో లింగమయ్యను అడిగాడు.

"ఈమెకు యజమాని నువ్వేనా మామా?"

లింగమయ్య తల అడ్డంగా ఊపాడట. "నలభై అయిదేండ్లాయె కాపరం జేసి. ఆమెకే నేను భయపడతాండా. యజమాని నేనెట్లయితాను?"

యజమాని లేరు, అని మద్దిలేటి రాసుకున్నాడు. పక్కింటికి పోయాడు. ఊరంతా అదే జవాబు. మొగుళ్లకు పెళ్లాలు యజమానులం కామన్నారు, పెళ్లాలకు మొగుళ్లు కామన్నారు. ముప్పై ఏడింటికీ ముప్పై ఏడూ యజమాని లేనివిగా తేలాయి.

సోమవారం పదిన్నరకు ఓబులమ్మ మా కార్యాలయానికి వచ్చింది. మెడలో పట్టీ ఉంది, దానికి పద్నాలుగో నంబరు బిళ్ల ఉంది. నోటీసు నా బల్లమీద పెట్టింది.

"చదువు నాయనా. మద్దిలేటి చదివినాడు గాని వాడు మధ్యలో ఏడుస్తాడు, తెలీలేదు."

చదివాను. "కుక్క అనగా" దగ్గర తడబడ్డాను. అయిపోయాక అడిగింది.

"ఇది ఎవురు రాసినారు?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "నేనేనమ్మా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "సదువుకున్నోనివి. బాగ రాసినావు."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఏం చేయాలో తోచక ఫైలు తీసి, ఆమె అడగకుండానే మిగతా నిబంధనలన్నీ వరసగా చదవసాగాను. తొమ్మిదో నిబంధన దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యెత్తింది.

"అది మల్లొకసారి చదువు."

"యజమాని లేని కుక్కలకు కార్యాలయ ఆవరణలో ఆశ్రయమిచ్చి, నీడ, నీరు, రెండు పూటలా కడుపునిండ ఆహారము ప్రత్యేకాధికారి స్వయముగా సమకూర్చవలెను. వాటిని కసురుట గాని, దూషించుట గాని, గెంటివేయుట గాని చేయరాదు."

"కసరకూడదా?"

"కూడదమ్మా."

"ఎంతమందికి?"

"ఎన్నింటికైనా."

ఓబులమ్మ లేచి వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండింటికి, ఈసారి నిజంగానే మధ్యాహ్నం, రెండు ట్రాక్టర్లు మా ఆవరణలో ఆగాయి. ముప్పై ఏడుగురూ దిగారు, ముందు ఓబులమ్మ. అందరి మెడల్లోనూ పట్టీలున్నాయి. వరండాలో వరసగా కూర్చున్నారు. ఒక ముసలాయన నా కుర్చీ పక్కనే తువ్వాల పరుచుకుని నడుం వాల్చాడు.

పరాంకుశం గారు గది బయటికి వచ్చి, "ఏమిటిది! పొండి, పొండి!" అన్నారు.

"కసరకూడదు సామీ" అంది ఓబులమ్మ నిదానంగా. "రాసినారు గదా."

ఆయన నావైపు చూశారు. నేను ఫైలు తెరిచి తొమ్మిదో నిబంధన చూపించాను. ఆయన రాసిన నిబంధనే. ఆయన నిబంధనను ఎన్నడూ మీరిన మనిషి కాదు. ఆ సాయంత్రం ముప్పై ఏడు విస్తళ్లలో అన్నం, పప్పు ఆయనే దగ్గరుండి వడ్డించారు. పప్పులో చింతపండు తక్కువైందని ఒకామె పక్కన పెట్టేసింది. మర్నాడు పశువైద్య సహాయకుడు సూదులు తీసుకుని వచ్చాడు. ఓబులమ్మ రవిక చెయ్యి పైకి మడిచి, "వేయ్ నాయనా" అంది. అతను సూది అక్కడే వదిలేసి సైకిలెక్కాడు.

మూడోరోజు రాజధాని నుంచి ఫోను వచ్చింది. పరాంకుశం గారు మాట్లాడుతుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"అవునండీ, ముప్పై ఏడు... చిత్తం, అన్నీ ఆవరణలోనే ఉన్నాయండీ... లేదండీ, ఎవరినీ కరవలేదు... అలవాటుపడ్డాయండీ, కాని ఊరగాయ వేయలేదని అలిగాయండీ."

అటువైపు నుంచి ఇంకేదో అడిగినట్టున్నారు.

"పాటలు కూడా పాడుతున్నాయండీ" అన్నారు పరాంకుశం గారు.

ఆ రాత్రి ఆయన ఇంటికి పోలేదని తెల్లారి తెలిసింది. నేను వచ్చేసరికి కళ్లు ఉబ్బి, బల్ల నిండా కాగితాలతో కూర్చుని ఉన్నారు. పక్క వరండాలో ముప్పై ఏడుమందీ హాయిగా నిద్రపోతున్నారు, ఓబులమ్మ తప్ప. ఆమె గోడకానుకుని కొండ వైపు చూస్తోంది. ఊళ్లో మిగిలినవాళ్లు మొరుగుతున్నారో లేదో, చేను ఏమైపోతోందో అని ఆమె దిగులు. అది ఆ ముఖంలోనే తెలుస్తోంది.

"రాసుకోండి" అన్నారు పరాంకుశం గారు. ఈసారి ఆ మాటలో అధికారం లేదు. "కుక్క అను పదమునకు ఇచ్చిన నిర్వచనములో, ప్రాణి అను పదము తరువాత, మనుష్యులు మినహా, అని చేర్చవలెను. మనుష్యులు రాత్రివేళ మొరుగుటకు గాని, పరుగెత్తుటకు గాని, తత్సంబంధమైన ఇతర చర్యలకు గాని ఈ నిబంధనలు అడ్డురావు."

చివరి వాక్యంలో తత్సంబంధమైన ఇతర చర్యలకు అన్న మాటలు ఆయన చెప్పలేదు, నేను చేర్చాను. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.

పట్టీలు విప్పి బల్లమీద కుప్ప పోసి ట్రాక్టర్లెక్కారు వాళ్లు. ఎక్కేముందు ఓబులమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అంటే ఇంగ మేము మొరగొచ్చు."

"మొరగొచ్చమ్మా."

"కుక్కలు?"

"కట్టేసే ఉంచాలి. రాత్రిపూట కుక్క మొరుగుడు వినపడితే కేసే."

"మనిషి మొరుగుడు వినపడితే?"

"ఏమీ లేదు."

ఆమె తల పంకించి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే సంఘం కార్యదర్శి మళ్లీ ఫిర్యాదు పంపాడు. శనివారం రాత్రి ఎర్రబోడుపల్లె చేలల్లో అనుమతి లేని కుక్కలు విచ్చలవిడిగా తిరుగుతున్నాయని, పందులన్నీ కొండెక్కిపోయాయని, అంతేగాక తమ ఎనిమిది కుక్కల్లో ఒకదాని చెవి చిరిగిందని రాశాడు. చెవి ఫొటో రెండు వైపుల నుంచీ జత చేశాడు. విచారణకు పరాంకుశం గారు నన్ను పంపారు. ఆయనకు ఎర్రబోడుపల్లె పేరు వింటేనే ఆకలి చచ్చిపోతోంది.

నేనూ మద్దిలేటీ వెళ్లేసరికి ఓబులమ్మ చేనులో కాయ పీకుతున్నారు. పోయిన అర ఎకరం పోగా మిగిలిందంతా నిలిచింది. చెట్లను కట్టలు కట్టలుగా తెచ్చి కళ్లంలో తిరగేసి ఆరబెడుతున్నారు. ఊరివాళ్లందరూ అక్కడే ఉన్నారు. బూడిదోడు, సుక్కి కంది సాలు నీడలో గొలుసులతో పడుకుని ఉన్నాయి. గొలుసులకు లక్కముద్రలూ ఉన్నాయి. ముద్ర కొంచెం కొత్తగా కనిపించింది. నేను మద్దిలేటి వైపు చూశాను. అతను కొండ వైపు చూస్తున్నాడు.

"శనివారం రాత్రి మొరిగింది ఎవరు?" అని అడిగాను, రిజిస్టరు తెరిచి.

"నేను" అంది ఓబులమ్మ.

"నేను సార్." "నేనూ మొరిగితి." "నేను కొండ తట్టు మొరిగినా." కళ్లమంతా చేతులు లేచాయి. అందరి పేర్లూ రాసుకున్నాను.

"సరే. చేలల్లో పరుగెత్తింది?"

మళ్లీ అందరూ చేతులెత్తారు. రాసుకున్నాను.

ఇక మిగిలింది చెవి. ఫొటో తీసి చూపించాను. అందరూ దగ్గరికి వచ్చి చూశారు. దంతాల గుర్తులు నాలుగు స్పష్టంగా ఉన్నాయి. నీడలో బూడిదోడు ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఓబులమ్మ ముఖంలో మొదటిసారి భయం చూశాను.

"ఈ కుక్కను కరిచింది ఎవరు?" అన్నాను. అడగక తప్పదు, ఫారంలో ఆ గడి ఉంది.

కాయల కుప్ప వెనక నుంచి లింగమయ్య కర్ర ఆనించుకుని లేచాడు.

"నేనే సామీ" అన్నాడు. "చీకట్లో కనపడలే. పందేమో అనుకోని కరిచినా."

అని నవ్వాడు. నోట్లో ఒక్క పన్ను లేదు.

నేను ఆ నోటికేసి చూశాను, ఓబులమ్మకేసి చూశాను. కలం తీసి, చక్కటి శాసనభాషలో, నా చేతనైనంత అందంగా రాసుకున్నాను: విచారించగా, సంఘము వారి కుక్కను కరచినది లింగమయ్య, వయస్సు డెబ్బది, వ్యవసాయము. తానే కరచినట్లు నలుగురి ఎదుట ఒప్పుకొనియున్నాడు. రాత్రివేళ మనిషి కుక్కను కరవరాదని నిబంధనలలో ఎచ్చటనూ లేదు.